యంత్రం రాసిన కోడ్‌లో మన దిద్దుబాటుకు చోటెక్కడ?

రాయ్‌పూర్‌లో నలుగురు సభ్యులున్న ఒక కుటుంబం ప్రాధాన్య రేషన్ కార్డు పట్టుకుని దుకాణానికి వెళ్లిందనుకుందాం. 2013 నాటి జాతీయ ఆహార భద్రత చట్టం ప్రకారం మనిషికి నెలకు 5 కిలోల చొప్పున ఆ ఇంటికి 20 కిలోలు రావాలి. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం లెక్క వేరు. ఒక్కరే ఉంటే 10 కిలోలు, ఇద్దరుంటే 20, ముగ్గురి నుంచి ఐదుగురి దాకా 35, అంతకు మించితే మనిషికి 7 కిలోలు. ఈ లెక్కన అదే కుటుంబానికి 35 కిలోల బియ్యం అందుతుంది. రెండు లెక్కల మధ్య తేడా 15 కిలోలు. నలుగురు తినే ఇంట్లో అది చిన్న తేడా కాదు.

ఈ తేడా ఒకప్పుడు ప్రభుత్వ ఉత్తర్వులోనూ, దుకాణదారు రిజిస్టర్లోనూ ఉండేది. ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో ఉంది. ఛత్తీస్‌గఢ్ 2007లోనే ధాన్యం సేకరణనూ ప్రజాపంపిణీనీ కంప్యూటరీకరించింది. ఆ పనిలో రాయ్‌పూర్‌లోని జాతీయ సమాచార విజ్ఞాన కేంద్రం, అంటే ఎన్‌ఐసీ, ముఖ్య పాత్ర పోషించింది. 2012లో రాయ్‌పూర్‌లో మొదలైన ‘కోర్ పీడీఎస్’ మరో అడుగు ముందుకు వేసి, కార్డుదారు తనకు నచ్చిన దుకాణంలో సరుకు తీసుకునే వీలు కల్పించింది. జనం దాన్ని ‘మేరీ మర్జీ’, అంటే ‘నా ఇష్టం’ అనే పేరుతో ఎరుగుదురు. దేశం మొత్తం గమనించిన ప్రయత్నమది.

ఇప్పుడొక ఊహ చేద్దాం. ఇది ఎక్కడా జరిగిందని చెప్పడం లేదు. దేశమంతటికీ పనికొచ్చే ఒక మూస నుంచి రేషన్ లెక్కల కోడ్‌ను ఒక యంత్రమే తయారు చేస్తోంది. మూసలో ఉన్నది మనిషికి 5 కిలోల నియమం. మన రాష్ట్రం ఇంజినీరు ఆ తయారైన ఫైలు తెరిచి, చేత్తో నాలుగు వరుసలు మార్చి, 35 కిలోల నియమం పెట్టాడు. ఆరు నెలల తర్వాత మూసలో మరేదో చిన్న మార్పు వచ్చింది. కోడ్‌ను మళ్లీ తయారు చేయించారు. కొత్త ఫైలు పాత ఫైలు స్థానంలోకి వచ్చింది. ఆ నాలుగు వరుసలు పోయాయి. ప్రోగ్రాం ఆగలేదు, ఎర్ర అక్షరాల్లో హెచ్చరిక రాలేదు. దుకాణంలో యంత్రం 20 కిలోల రసీదు ముద్రించింది.

ఈ వ్యాసం ఆ నాలుగు వరుసల గురించి. యంత్రం రాసిన కోడ్‌లో మనిషి చేసిన దిద్దుబాటు ఎక్కడ ఉండాలి? దాని చరిత్రను ఎలా భద్రపరచాలి? ప్రోగ్రామర్లు తమలో తాము తేల్చుకోవాల్సిన చిన్న విషయంగా ఇది కనిపిస్తుంది. నా అభిప్రాయంలో ఇది ప్రజలకు జవాబు చెప్పాల్సిన విషయం.

కోడ్ రాసే కోడ్

యంత్రమే కోడ్ రాయడం కృత్రిమ మేధతో మొదలైన సంగతి కాదు. 1970లలోనే బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ ‘యాక్’ అనే సాధనాన్ని తయారు చేశారు. ఒక భాషకు వ్యాకరణ సూత్రాలు ఇస్తే, ఆ భాషను చదివి అర్థం చేసుకునే సీ ప్రోగ్రామును యాక్ రాసిపెడుతుంది. చేత్తో రాస్తే వారాలు పట్టే పని నిమిషాల్లో అవుతుంది.

నేడు ఇలాంటి కోడ్ జనరేటర్లు ప్రతి చోటా ఉన్నాయి. డేటాబేసులో ఏ పట్టికలో ఏ గడులున్నాయో చెబితే, వివరాలు నింపే తెర, వాటిని దాచే భాగం, వెతికి చూపే భాగం అన్నీ తయారై వస్తాయి. రెండు కంప్యూటర్లు ఏ రూపంలో మాట్లాడుకోవాలో ఒక ఫైల్లో వర్ణిస్తే, రెండు వైపులా కావలసిన కోడ్ వచ్చేస్తుంది. ఈ ఏర్పాటులో మూడు వేర్వేరు వస్తువులున్నాయి. ఒకటి మూలం, అంటే మనం రాసిన వర్ణన. రెండోది ఆ వర్ణనను చదివే జనరేటర్. మూడోది బయటికొచ్చే కోడ్.

ఇంతవరకు చిక్కేమీ లేదు. చిక్కంతా నాలుగో వస్తువుతోనే. యంత్రం ఇచ్చింది మన అవసరానికి దాదాపుగా సరిపోతుంది, పూర్తిగా సరిపోదు. ఒక తెరలో హిందీ పేరు ముందు రావాలి, ఒక లెక్కలో రాష్ట్రం నియమం వేరు, ఒక చోట తేదీ రాసే పద్ధతి వేరు. అప్పుడు మనిషి ఫైలు తెరిచి దిద్దుతాడు. ఆ క్షణం నుంచి ఆ ఫైలుకు ఇద్దరు రచయితలు. వాళ్లలో ఒకరికి రెండోవారు ఉన్నారనే తెలియదు.

మన ఇళ్లలో పంచాంగాన్ని గుర్తు చేసుకోండి. పాలవాడి లెక్క, పెళ్లిరోజు, ఎవరికో ఇచ్చిన చేబదులు అన్నీ దాని అంచున పెన్సిలుతో రాసుకుంటాం. ఉగాదికి కొత్త పంచాంగం వస్తుంది. తిథులూ నక్షత్రాలూ కొత్తవి ఉంటాయి, మన చేబదులు మాత్రం ఉండదు. అచ్చువేసినవాడి తప్పు కాదది. రాసుకోవలసిన చోట మనం రాసుకోలేదు.

మునీమ్ పట్టుకున్న తప్పు

రాయ్‌పూర్ చుట్టుపక్కల రైసు మిల్లులకు లెక్కల ప్రోగ్రాములు చేసే ఒక చిన్న బృందంలో నేను కొంతకాలం పనిచేశాను. ధాన్యం సంచుల్లో వస్తుంది కాబట్టి మొత్తం బరువులోంచి గోనె సంచి బరువు తీసేసి నికర బరువు లెక్కగట్టాలి. ఇక్కడ ‘బార్‌దానా’ అనే ఆ సంచులు అన్నీ ఒక్కటి కావు. కొత్త జనపనార సంచి బరువు వేరు, వాడిన సంచిది వేరు, ప్లాస్టిక్ సంచిది మరీ తక్కువ. జనరేటర్ ఇచ్చిన కోడ్‌లో ఒకే సంచి, ఒకే బరువు. నా సహచరుడు ఆ ఫైల్లోనే మూడు రకాలకూ వేర్వేరు లెక్క రాశాడు. బాగానే నడిచింది.

కొన్ని నెలల తర్వాత లారీ నంబరు కోసం ఒక గడి పెంచాలన్నారు. నేను వర్ణనలో ఆ గడి చేర్చి కోడ్‌ను మళ్లీ తయారు చేయించాను. లారీ నంబరు వచ్చింది, సంచుల లెక్క పోయింది. రసీదులు చక్కగా అచ్చయ్యాయి. తప్పు పట్టింది కంప్యూటర్ కాదు, ఎర్ర గుడ్డ అట్టల బహీఖాతా రాసే మిల్లు మునీమ్. “బాబూ, మీ కంప్యూటర్‌కి బార్‌దానా బరువు గుర్తు లేదా?” అని అడిగాడు.

మేం వెర్షన్ కంట్రోల్ వాడుతూనే ఉన్నాం. అంటే ప్రతి మార్పునూ ఎవరు, ఎప్పుడు, ఎందుకు చేశారో రాసిపెట్టే వ్యవస్థ ఉంది. అయినా అది ముందుగా హెచ్చరించలేకపోయింది. కారణాలు తర్వాత వెతికితే రెండు దొరికాయి. మొదటిది, ఆ జనరేటర్ ప్రతి ఫైలు తల మీద తయారైన తేదీ, సమయం వేస్తుంది. దాంతో మళ్లీ తయారు చేసిన ప్రతిసారీ అన్ని ఫైళ్లూ మారినట్టే కనిపిస్తాయి. వందల ఫైళ్ల మార్పుల మధ్య పోయిన ఆ పది వరుసలను చూసే ఓపిక ఎవరికీ లేకపోయింది. రెండోది, నా సహచరుడు తన మార్పుకు రాసిన వివరణ ఒకే మాట: ‘అప్‌డేట్’. అది మనిషి చేసిన దిద్దుబాటో, యంత్రం తిరగరాసిందో చరిత్ర చదివినవాడికి తెలియదు.

ఆ తర్వాత మా బృందంలో వ్యతిరేక దిశలో మరో తప్పు మొదలైంది. భయం వల్ల ఇక కోడ్‌ను మళ్లీ తయారు చేయించడమే మానేశాం. వర్ణన ఒకటి చెబుతుంది, కోడ్ మరొకటి చేస్తుంది. జనరేటర్‌లో భద్రతా లోపాలు సరిచేసిన కొత్త వెర్షన్ వచ్చినా మాకు అక్కరకు రాలేదు. దిద్దుబాటు పోవడం ఒక నష్టమైతే, దిద్దుబాటు పోతుందేమోనని ముందుకు కదలలేకపోవడం ఇంకో నష్టం. రెండోది బయటికి కనిపించదు కాబట్టి ఎక్కువ కాలం సాగుతుంది.

మన అక్షరాలే మంచి ఉదాహరణ

ఈ సమస్యకు తెలివైన పరిష్కారం చూడాలంటే ఎక్కడికో వెళ్లనక్కర్లేదు. మీరు ఈ వ్యాసాన్ని ఆండ్రాయిడ్ ఫోన్‌లోనో, కంప్యూటర్‌లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లలోనో చదువుతుంటే, ఈ గుణింతాలనూ ఒత్తులనూ సరైన చోట పేరుస్తున్నది హార్ఫ్‌బజ్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. బెహదాద్ ఎస్ఫాబోద్ ప్రధానంగా తీర్చిదిద్దిన దీని పేరు, ‘ఓపెన్‌టైప్’ అనే మాటకు పారసీ రూపం.

ఏది హల్లు, ఏది గుణింతపు గుర్తు, ఏ గుర్తు అక్షరానికి ఏ వైపు చేరుతుంది అనే వివరాలను యూనికోడ్ సంస్థ కొన్ని ఫైళ్లలో ప్రకటిస్తుంది. హార్ఫ్‌బజ్ రూపకర్తలు వాటిని చూసి చేత్తో పట్టిక టైపు చేయలేదు. పైథాన్‌లో రాసిన ఒక చిన్న స్క్రిప్టు ఆ ఫైళ్లను చదివి సీ ప్లస్ ప్లస్ పట్టికను తయారు చేస్తుంది. ఆ పట్టిక ప్రాజెక్టు గిట్ భాండాగారంలోనే ఉంటుంది. ఏ ఆదేశంతో, ఏ ఫైళ్ల నుంచి తయారైందో దాని తల మీదే రాసి ఉంటుంది.

మరి దిద్దుబాటు అవసరం ఎక్కడొచ్చింది? మన ‘ర’ దగ్గరే. యూనికోడ్ ఫైలు తెలుగు ‘ర’ను మిగతా హల్లులతో కలిపి మామూలు హల్లుగానే లెక్కిస్తుంది. కానీ పాత అచ్చులో ‘ధర్మ’, ‘సర్వ’ లాంటి మాటలు చూసినవారికి వలపలగిలక తెలుసు. అక్కడ పొల్లు రకారం తర్వాతి అక్షరానికి కుడివైపున ప్రత్యేకమైన గుర్తుగా కనిపిస్తుంది. కంప్యూటర్‌లో ఆ రూపం రావాలంటే ‘జీరో విడ్త్ జాయినర్’ అనే కనిపించని సంకేతాన్ని వాడాలి. కాబట్టి అక్షరాలు పేర్చే ప్రోగ్రాముకు ‘ర’ మామూలు హల్లు కాదని విడిగా చెప్పాలి.

ఆ మాటను వాళ్లు తయారైన పట్టికలో గీకి రాయలేదు. పట్టికను తయారు చేసే స్క్రిప్టులోనే ‘మినహాయింపులు’ అనే జాబితా ఉంది. అందులో తెలుగు ‘ర’కు ఒక వరుస, పక్కన వలపలగిలక గురించి చిన్న వ్యాఖ్య. అంతకుముందు ఇలాంటి మినహాయింపు పట్టిక పక్కన చేత్తో రాసిన మరో ఫైల్లో ఉండేది. అప్పుడైనా ఇప్పుడైనా యంత్రం తిరగరాసే చోట మాత్రం దాన్ని పెట్టలేదు. ఇతర లిపుల కోసం అదే ప్రాజెక్టులో ఉన్న మరో స్క్రిప్టు, అదనపు సవరణలను విడి ఫైళ్లుగా తీసుకుని యూనికోడ్ ఫైళ్లతో కలిపి చదువుతుంది.

దీని ఫలితం 2021 సెప్టెంబరులో వచ్చిన యూనికోడ్ 14.0తో అర్థమవుతుంది. ఆ వెర్షన్‌లో తెలుగుకు రెండు కొత్త సంకేతాలు చేరాయి. ఒకటి నుక్తా, రెండోది పాత తాళపత్రాలూ అచ్చుపుస్తకాలూ చదివేవారికి తెలిసిన నకార పొల్లు. ఇలాంటప్పుడు పట్టికను మళ్లీ తయారు చేయాల్సిందే. వలపలగిలక సంగతి చేత్తో ఆ పట్టికలోనే దిద్ది ఉంటే, నకార పొల్లు వచ్చిన రోజే అది పోయేది. ఒక పాత అక్షరం రావడం వల్ల ఇంకో పాత అక్షరం చెడేది. అలా జరగకుండా ఆపింది ఎవరి జ్ఞాపకశక్తీ కాదు, దిద్దుబాటు రాసుకోవడానికి ఎంచుకున్న చోటు.

దారులు మూడు

హార్ఫ్‌బజ్ అనుసరించింది మొదటి దారి: తయారైన ఫైలును తాకకుండా, దిద్దుబాటును దాని బయట పెట్టడం. వీలైన ప్రతి చోటా ఇదే మేలని నా అభిప్రాయం. ‘డిజైన్ ప్యాటర్న్స్’ పుస్తక రచయితలు నలుగురిలో ఒకరైన జాన్ వ్లిసిడిస్ ఈ ఆలోచనకు 1990లలో ‘జనరేషన్ గ్యాప్’ అని చమత్కారంగా పేరు పెట్టారు. యంత్రం రాసే క్లాసు ఒకటి, దాన్ని వారసత్వంగా తీసుకుని మనం రాసే క్లాసు మరొకటి. మొదటిది ఎన్నిసార్లు తిరగరాసినా రెండోది చెదరదు. మైక్రోసాఫ్ట్ 2005లో సీ షార్ప్ భాషలో ఒకే క్లాసును రెండు ఫైళ్లలో రాసుకునే వీలు తెచ్చింది. దాని ముఖ్య ప్రయోజనాల్లో ఇదీ ఒకటి. మన రేషన్ ఊహలో అయితే, మూసలోని 5 కిలోల లెక్క దాని ఫైల్లో అది ఉంటుంది. ఛత్తీస్‌గఢ్ నియమం ‘రాష్ట్రం’ అనే విడి ఫైల్లో ఉంటుంది.

రెండో దారి, ఒకే ఫైల్లో ఇద్దరూ రాసినా ఎవరి వరుస ఎవరిదో గుర్తు పెట్టడం. ఎక్లిప్స్ మోడలింగ్ ఫ్రేమ్‌వర్క్ వాడినవారికి ఇది పరిచయమే. యంత్రం రాసిన ప్రతి భాగం మీదా ‘జనరేటెడ్’ అనే గుర్తు ఉంటుంది. మనం మార్చిన భాగం మీద దాన్ని ‘జనరేటెడ్ నాట్’ అని మారిస్తే తర్వాతిసారి యంత్రం ఆ భాగం జోలికి రాదు. ఇది సులువే. కానీ ఆ చిన్న మాట చేర్చడం మరిచిపోతే మొత్తం పోతుంది. క్రమశిక్షణ మీద ఆధారపడిన రక్షణ ఇది.

మూడో దారి వెర్షన్ కంట్రోల్‌తోనే నడుస్తుంది. జనరేటర్ మన చేతిలో లేనప్పుడు, మార్పు ఫైలు మధ్యలోనే చేయక తప్పనప్పుడు ఇది పనికొస్తుంది. సీవీఎస్ కాలం నుంచీ ప్రోగ్రామర్లు దీన్ని ‘వెండర్ బ్రాంచ్’ అంటారు. భాండాగారంలో రెండు శాఖలు పెట్టుకోవాలి. ఒకటి యంత్రం శాఖ. అందులో మనిషి వేలు పెట్టడు, జనరేటర్ ఇచ్చింది ఇచ్చినట్టుగా చేరుతుంది. రెండోది మన శాఖ. దిద్దుబాట్లన్నీ ఇక్కడే. కొత్తగా కోడ్ తయారైనప్పుడల్లా ముందు యంత్రం శాఖలో పెట్టి, అక్కడి నుంచి మన శాఖలోకి కలుపుతాం. ఎప్పుడూ ఇదే దిశ, తిరుగు దిశ ఉండదు.

ఇది ఎందుకు పనిచేస్తుందో చూద్దాం. గిట్ లాంటి వ్యవస్థ రెండు ఫైళ్లను కలిపేటప్పుడు ఆ రెండింటినీ మాత్రమే చూడదు. రెండింటికీ ఉమ్మడి పూర్వరూపమైన మూడో ఫైలును కూడా చూస్తుంది. పూర్వరూపంలో 5 కిలోల నియమం. మన శాఖలో దాని చోట రాష్ట్రం నియమం. యంత్రం కొత్త ప్రతిలో ఆ వరుస మారలేదు, ఇంకెక్కడో కొత్త గడి చేరింది. అప్పుడు గిట్ మన నియమాన్ని ఉంచుతుంది, యంత్రం గడిని తీసుకుంటుంది. ఇద్దరూ ఒకే వరుసను మార్చి ఉంటే? తనంతట తాను తేల్చకుండా ఆగి, మనిషిని అడుగుతుంది. మా మిల్లు కోడ్‌లో కొరవడింది ఈ పూర్వరూపమే. యంత్రం ఇచ్చిన అసలు ప్రతిని మేం ఎక్కడా విడిగా దాచలేదు. అది లేకపోతే ఎవరు ఏం మార్చారో ఎంత గొప్ప సాధనమైనా చెప్పలేదు.

అయితే ఈ కలపడం అక్షరాలను చూసి చేసేదే కానీ అర్థాన్ని చూసి కాదు. రెండు మార్పులూ వేర్వేరు వరుసల్లో ఉండి చిక్కు లేకుండా కలిసినా, ఫలితం తప్పు కావచ్చు. అందుకే ఏ దారిలో వెళ్లినా పరీక్ష కావాలి. ఒక్కరున్న ఇంటికి 10, నలుగురికి 35, ఆరుగురికి 42. ఈ మూడు అంకెలను ఒక పరీక్షగా రాసి, కోడ్ తయారైన ప్రతిసారీ నడిపితే చాలు. మూస గెలిచి మన నియమం పోయిన క్షణాన అవి 5, 20, 30గా మారి, రసీదు అచ్చయ్యేలోపే గంట మోగుతుంది.

చిన్న జాగ్రత్తలు ఇంకొన్ని ఉన్నాయి. తయారైన ఫైళ్లలో తేదీ, సమయం వేయించకూడదు. ఒకే మూలం, ఒకే జనరేటర్ ఇస్తే ప్రతిసారీ అక్షరం తేడా లేకుండా ఒకే ఫైలు రావాలి. జనరేటర్ వెర్షన్ సంఖ్యనూ భాండాగారంలోనే రాసిపెట్టాలి. ‘ఇది యంత్రం రాసింది, మార్చవద్దు’ అని ఫైలు తల మీద ఉండాలి. గో భాషలో ఈ వాక్యానికి ఒక స్థిరమైన రూపమే ఉంది. దాన్ని చూసి ఇతర సాధనాలు కూడా ఆ ఫైలును గుర్తుపడతాయి. భాండాగారంలో ఉన్న ఫైలునూ, అప్పటికప్పుడు తయారు చేసినదాన్నీ రోజూ పోల్చే చిన్న ప్రోగ్రాం పెట్టుకుంటే, ఎవరైనా చాటుగా చేయిపెట్టినా మర్నాటికి తెలుస్తుంది.

ఎవరూ చదవని ఫైలు

చాటుగా చేయిపెట్టడం అన్న మాట ఊరికే వాడలేదు. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు ప్రపంచాన్ని ఉలిక్కిపడేలా చేసిన ఒక విషయం బయటపెట్టారు. లినక్స్ యంత్రాల్లో విస్తృతంగా వాడే ‘ఎక్స్‌జెడ్’ అనే కుదింపు సాఫ్ట్‌వేర్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి ఉంది. దూరం నుంచి కంప్యూటర్‌లోకి ప్రవేశించే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కు అర సెకను దాకా ఎక్కువ పట్టడం గమనించి ఆయన ఆ తీగ లాగారు.

ఆ దొంగదారిని తెరిచే మీట ఎక్కడ దాగిందో చూడండి. హానికర భాగాన్ని పరీక్ష కోసం పెట్టిన ఫైళ్ల రూపంలో గిట్ భాండాగారంలో దాచారు. దాన్ని బయటికి తీసి ప్రోగ్రాములో కలిపే వరుసలు మాత్రం గిట్‌లో లేవు. విడుదల ప్యాకేజీలో మాత్రమే ఉన్నాయి. అలాంటి ప్యాకేజీల్లో యంత్రం తయారు చేసిన వేల వరుసల నిర్మాణ స్క్రిప్టులు ఉండటం దశాబ్దాల ఆనవాయితీ. భాండాగారంలో లేని ఫైళ్లు ప్యాకేజీలో కనిపించడం అందరికీ మామూలే. ఎలాగూ యంత్రం రాసిందే కదా అని ఎవరూ చదవరు. ఆ నిర్లక్ష్యమే దాడి చేసినవారికి ముసుగైంది.

మా మిల్లు సంచుల లెక్కలో ఎవరికీ దురుద్దేశం లేదు, ఎక్స్‌జెడ్‌లో ఉంది. కానీ రెండు చోట్లా ఉన్న లొసుగు ఒక్కటే. యంత్రం రాసినట్టు కనిపించే ఫైల్లో మనిషి చేసిన మార్పు ఉంది, దాన్ని వేరుగా చూపే ఏర్పాటు లేదు.

అభ్యంతరాలు, జవాబులు

ఇదంతా పెద్ద సంస్థలకు చెల్లుతుంది, ఇద్దరు ముగ్గురున్న బృందానికి ఇంత తీరిక ఎక్కడిదని అడగవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ రెండు శాఖలు పెట్టడానికి పట్టేది ఒక పూట. పోయిన సంచుల లెక్కను తిరిగి రాసి, పాత రసీదులన్నీ సరిచూడటానికి మాకు పట్టింది రెండు వారాలు.

మరో అభ్యంతరం కొంత బలమైనది. జనరేటర్ తయారు చేసినవారు దాన్ని వదిలేశారు, కొత్త కంప్యూటర్ల మీద అది నడవదు, అప్పుడేం చేయాలి? అప్పుడు నిజాయితీగా ఒప్పుకోవాలి. ఇక ఇది యంత్రం కోడ్ కాదు, మన కోడ్. ఫైలు తల మీది ‘మార్చవద్దు’ అనే వాక్యం తీసేసి, ఆ నిర్ణయాన్ని తేదీతో సహా చరిత్రలో రాసి, మనుషులు చదివేలా మెల్లగా సరిదిద్దుకోవాలి. దత్తత తీసుకోవడంలో తప్పు లేదు. ఎవరిదో తేల్చకుండా వదిలేయడమే తప్పు.

కృత్రిమ మేధ ఇచ్చే కోడ్‌ను కూడా ఇలాగే చూడాలని అంటాను. మాటల్లో అడిగితే కోడ్ రాసిచ్చే సాధనాలు ఇప్పుడు రాయ్‌పూర్ కళాశాల విద్యార్థి చేతిలోనూ ఉన్నాయి. అడిగిన ప్రశ్ననే ‘మూలం’గా భద్రపరిస్తే సరిపోతుందని కొందరంటున్నారు. నేను ఒప్పుకోను. యాక్‌కు అదే వ్యాకరణం ఇస్తే అదే ప్రోగ్రాం వస్తుంది. భాషా నమూనాను అదే ప్రశ్న రెండుసార్లు అడిగితే రెండు రకాల జవాబులు రావచ్చు. వచ్చే ఏడాదికి ఆ నమూనానే అందుబాటులో ఉండకపోవచ్చు. మళ్లీ అదే వస్తుందన్న హామీ లేనప్పుడు ప్రశ్న మూలం కాలేదు. బయటికొచ్చిన కోడే మూలం. దాన్ని మనిషి రాసినట్టే వరుస వరుసా చదివి, పరీక్షించి, బాధ్యత వహించి భాండాగారంలో చేర్చాలి. ప్రశ్నను పక్కన వివరణగా ఉంచుకోవచ్చు.

ప్రజల సొమ్ము, ప్రజల లెక్క

ఇక ప్రభుత్వాల సంగతి. ప్రభుత్వ అప్లికేషన్ల సోర్స్ కోడ్‌ను తెరిచి, అందరూ కలిసి అభివృద్ధి చేసుకునేలా కేంద్రం 2015లోనే ఒక విధానాన్ని ప్రకటించింది. మంచి నిర్ణయం. కానీ సోర్స్ కోడ్ అంటే ఏమిటి? స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం దీనికి ఎప్పుడో జవాబిచ్చింది. 1991 నాటి జీపీఎల్ రెండో వెర్షన్ ప్రకారం, మార్పులు చేయడానికి ఏ రూపం అనువైనదో అదే సోర్స్ కోడ్. ఆ కొలతలో చూస్తే, యంత్రం తయారు చేసిన లక్ష వరుసలను ఒక డిస్కులో పెట్టి ఇవ్వడం సోర్స్ కోడ్ ఇవ్వడం కాదు. వర్ణన, జనరేటర్, దాని వెర్షన్, మన దిద్దుబాట్లు, వాటి చరిత్ర, పరీక్షలు అన్నీ కలిపి ఇస్తేనే ఇచ్చినట్టు.

ఒక రాష్ట్రం బాగా నడిపిన వ్యవస్థను మరో రాష్ట్రం తెచ్చుకోవాలనుకున్నప్పుడు ఇది మరింత ముఖ్యం. ఛత్తీస్‌గఢ్ నియమం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో విడిగా కనిపిస్తే, తెలంగాణో ఆంధ్రప్రదేశో తన నియమాన్ని ఆ ఒక్క చోట మార్చుకుంటే సరిపోతుంది. అది మూసలో కలిసిపోయి ఉంటే మొత్తం మళ్లీ మొదటి నుంచే. కాబట్టి సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టుల్లో ఒక షరతు ఉండాలి: పని అప్పగించే రోజున, అధికారుల ముందు, ఖాళీ కంప్యూటర్ మీద మూలం నుంచి కోడ్‌ను మళ్లీ తయారు చేసి చూపాలి. వచ్చింది ఇప్పుడు నడుస్తున్నదానితో సరిపోవాలి. సరిపోకపోతే ఎక్కడో పంచాంగం అంచున పెన్సిలు రాత మిగిలిందన్నమాట.

మన కళాశాలలు కూడా కొంత మారాలి. చివరి ఏడాది ప్రాజెక్టులో విద్యార్థి ప్రోగ్రాం నడిపి చూపిస్తే మార్కులు వేస్తున్నాం. దాన్ని మూలం నుంచి మళ్లీ తయారు చేసి, తన దిద్దుబాటు చెక్కుచెదరలేదని చూపమంటే ఎంతమంది చూపగలరు? ఆ ఒక్క ప్రశ్న అడగడం మొదలుపెడితే, రేపు మిల్లు లెక్కలూ రేషన్ లెక్కలూ రాయబోయే చేతులకు అలవాటు ఇప్పుడే పడుతుంది.

మా మునీమ్ దగ్గర బహీఖాతా ఉంది కాబట్టి తప్పు దొరికింది. ఈ తరం తర్వాత ఆ ఖాతా రాసేవారు ఉండరు. రేషన్ దుకాణం ముందు నిలబడిన తల్లి చేతిలో ఎలాగూ ఖాతా ఉండదు, యంత్రం ఇచ్చిన రసీదే ఆమెకు ఆధారం. ఆ రసీదు వెనక ఉన్న నాలుగు వరుసలను ఎవరు రాశారో, ఎందుకు రాశారో, అవి ఇంకా అక్కడే ఉన్నాయో లేదో చెప్పగలిగే స్థితిలో ఉండటం ఆమె పట్ల మన కనీస బాధ్యత.